చిత్రిక పట్టిన వంతెన

ఆ వంతెన మొత్తం రెండువందల పన్నెండు ముక్కలు. పదహారు స్తంభాలు, ముప్పై రెండు దూలాలు, అరవై నాలుగు వాసాలు. మిగిలినవి నేల పలకలు, చేతి కమ్మీలు, అడ్డకర్రలు. పొడవు నలభై నాలుగు అడుగులు, వెడల్పు తొమ్మిది. పైన ఇంటికున్నట్టే పెంకుల కప్పు. ఇనుప మేకు ఒక్కటి లేదు. ఈ లెక్కలన్నీ నాకు ఇప్పటికీ కంఠతా వచ్చు. రానిదల్లా ఏ ముక్క పక్కన ఏ ముక్క ఉండేదో అదొక్కటే.

రెండువేల సంవత్సరం అది. ఆ ఏడు సింగపూర్‌లో ఏ తెలుగువాణ్ని కదిపినా కంప్యూటరే. చోవా చూ కాంగ్‌లో మా బ్లాకులోనే మూడు ఫ్లాట్లనిండా ప్రోగ్రామర్లు, గదికి నలుగురు చొప్పున ఉండేవాళ్లు. మేమూ ఒక గది నవనీత్ అనే కడప అబ్బాయికి అద్దెకిచ్చాం. నేను మాత్రం సుంగై కదుత్‌లో నా పాత కలప యార్డులోనే ఉన్నాను. కూలగొట్టిన ఇళ్ల దూలాలు, గోదాముల తలుపులు కొనడం, శుభ్రం చేసి అమ్మడం నా పని. పాతికేళ్లు అదే పని చేస్తే మనిషిని చూసినా ముందు పొడవు, తర్వాత చుట్టుకొలత, ఆ తర్వాత ఎక్కడ పుచ్చిందో చూస్తాం.

మే నెలాఖర్లో ఒక మధ్యాహ్నం, తలకి స్కార్ఫు, దాని మీద పసుపు హెల్మెట్టు పెట్టుకున్న అమ్మాయి యార్డులోకి వచ్చింది.

"ఈశ్వరరావు అంకుల్ మీరేనా? నా పేరు జవేరియా. మాది హైదరాబాద్, మలక్‌పేట. సివిల్ ఇంజనీర్‌ని. నవ్వకుండ్రి అంకుల్, మా క్లాసుల అందరు జావా నేర్చుకొని ఏసీల కూసున్నరు. నేనొక్కదాన్నే ఎండల తిరుగుతున్న."

"నాకూ తోడు దొరికిందిలేమ్మా," అన్నాను.

పని ఇదీ. ఊరి నడుమ పార్కులో, చెరువులోంచి వచ్చే పాయ మీద ఒక పాత కొయ్య వంతెన ఉంది. పక్కనే లేస్తున్న ఐటీ భవనాలకి రోడ్డు, కేబుళ్లు సరిగ్గా అది ఉన్న చోటునుంచే పోవాలి. అందుకని వంతెనని ఊడదీసి, రెండువందల గజాల అవతల అదే పాయ మీద మళ్లీ నిలబెట్టాలి. ఊడదీయడం, నిలబెట్టడం జవేరియా కంపెనీ పని. మధ్యలో కలపని దాచడం, దాని మీదున్న పాత రంగు తీయడం, చెదలు పట్టిన చోటు చూపించడం నా పని. తిరిగి వాడుకోవడానికి పనికిరాని ముక్కలు నావే.

సాయంత్రం ఇంట్లో అన్నం తింటూ చెప్పాను. మా మావయ్య గురునాథం కంచంలో చెయ్యి ఆపేశారు.

"ఏ వంతెన బాబూ? పచ్చరంగేసినదేనా?"

"అదే మావయ్యా."

"అది మా మేస్త్రీ కట్టాడు. నాను అందులో సగం చీలలు కొట్టాను," అన్నారాయన. "ముప్పై ఆరులో. నాకప్పుడు పదిహేడు."

మా ఆవిడ కోటేశ్వరి కూర గరిట పట్టుకుని అలాగే నిలబడిపోయింది. "ఈ సంగతి నాకెప్పుడూ చెప్పలేదేం నాన్నా?"

"నువ్వడగలేదు కదమ్మా," అన్నారు, మళ్లీ అన్నం కలుపుకుంటూ.

భీమిలి నుంచి పదిమంది వడ్రంగులు, పడవలు కట్టేవాళ్లు, ఒక మేస్త్రీ వెనకాల ఓడెక్కి వచ్చారట. అప్పట్లో ఆ పార్కు ఎవరో దొరగారి తోట. పదిమందిలో ఇప్పుడు మిగిలింది ఈయనొక్కరే. మా పెళ్లయిన ఇరవై రెండేళ్లలో, అందులో ఆయన మా ఇంట్లో ఉన్న తొమ్మిదేళ్లలో, నన్ను ఏదీ అడిగి ఎరగరు. చొక్కా చిరిగితే ఆయనే కుట్టుకునేవారు. ఆ రోజు చెయ్యి కడుక్కుని వచ్చి నా ఎదురుగా కూర్చున్నారు.

"బాబూ, అది నా ముందు విప్పించు. నా ముందు పెట్టించు. నాను పోయేలోగా దాని మీద ఒకసారి నడవాల. ఇంకేటీ వద్దు."

"అదెంత పని మావయ్యా," అన్నాను.

మాట ఇవ్వడానికి నాకు పట్టిన సమయం అంతే.

*

జూన్ మొదటి వారంలో ఆయన్ని పార్కుకి తీసుకెళ్లాం. రెండు కళ్లకీ శుక్లాలు. మనిషి ఆకారం తెలుస్తుంది గాని మొహం తెలియదు. కోటేశ్వరి చెయ్యి పట్టుకుని వంతెన మీదికెక్కి, ఆ చెయ్యి వదిలేశారు. మొదటి స్తంభం దగ్గర వంగి, దూలం కలిసే చోట బొటనవేలితో రాశారు. తర్వాత రెండోది. తర్వాత మూడోది. ఆ పచ్చరంగు అరవై ఏళ్లలో ఎన్ని పూతలు వేశారో, చెట్టు బెరడంత మందంగా ఉంది. చాలా కాలం తర్వాత కనబడిన ఎద్దు మెడని నిమిరినట్టుందే అనుకున్నాను. అంతకంటే ఏమీ అనుకోలేదు.

జవేరియా చేతిలో స్ప్రే డబ్బా, అట్ట మీద కాగితాలు ఉన్నాయి. "అంకుల్, విప్పేముందు ప్రతి ముక్క మీద నెంబర్ కొట్టాలె. ఫోటో తీయాలె. నాలుగు రోజులు పడ్తది."

డబ్బా చప్పుడు విని మావయ్య ఇటు తిరిగారు. "ఏటమ్మా అది? రంగా? దాని మీద ఇంకా రంగెందుకు? నెంబర్లక్కర్లేదు. ఏది ఎక్కడిదో నాకు తెలుసు."

"రెండువందల ముక్కలు తాతా!"

"తెలుసమ్మా. నానున్నాను కదా."

జవేరియా నా వైపు చూసింది. నేను లెక్క వేశాను. నాలుగు రోజులు, ఆరుగురు మనుషులు, ఒక క్రేను. ఆపైన ఆ స్ప్రే రంగు గీకడానికి నా మనుషులు మళ్లీ రెండు రోజులు. "మావయ్య మాటంటే మాటేనమ్మా," అన్నాను. "ఆయనకి పెద్ద బజారు సామాను చీటీ ఒకసారి చదివి వినిపిస్తే చాలు, కాగితం అక్కర్లేదు. ఆయనే నీ జాబితా. మొదలుపెట్టు."

"మీ గ్యారంటీనా అంకుల్?"

"నా గ్యారంటీ."

ఆ ముసలాయన బుర్రలో అంతా ఉందని నేను నిజంగానే నమ్మాను.

తొమ్మిది రోజులు ఆయన గొడుగు కింద ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని విప్పించారు. ముందు ఏ చీల, తర్వాత ఏ చీల అన్నీ ఆయనే చెప్పారు. చీలలు కూడా వంతెనలాగే చెంగల్ అనే గట్టి మలయా కర్రే, బొటనవేలంత లావు. సుత్తితో రెండు దెబ్బలు కొడితే అరవై నాలుగేళ్ల తర్వాత కూడా కదిలి వచ్చాయి. బంగ్లాదేశ్ కూలీలు చప్పట్లు కొట్టారు. దూలం చివర నాలుకలా చెక్కిన కుసి స్తంభం బెజ్జంలోంచి బయటికొచ్చినప్పుడు లోపలి కర్ర నిన్న కోసినట్టు ఎర్రగా ఉంది. ఆయన దాన్ని వాసన చూసి, "ఇంకో వందేళ్లు," అన్నారు.

*

కళ్ల ఆపరేషన్ ఏర్పాటు చేసింది నేనే. మళ్లీ నిలబెట్టే రోజుకి ఆయనకి బాగా కనబడాలని. డాక్టరు ఒక కన్నుకి చేసి, పది రోజులు దుమ్ములోకి పోకూడదన్నాడు. యార్డంటే దుమ్మే. ఆయన ఇంట్లో, కంటికి కప్పుతో, రేడియో పక్కన ఉండిపోయారు. ఆసుపత్రికి వెళ్లే ముందు ఒక మాట మాత్రం అన్నారు. "బాబూ, రంగు నాను గీకుతాను. కళ్లు రానీ."

రెండువందల పన్నెండు ముక్కలు. ముక్కకి నాలుగు ముఖాలు. అరచేతంత గీకుడు కత్తి, ఎనభై ఒక్కేళ్ల మనిషి. నాలుగు నెలలకి తక్కువ కాదు. సెప్టెంబరు పదిహేనుకి వంతెన నిలబడి ఉండాలని ఒప్పందం. నా చిత్రిక మిషనుకైతే మూడు రోజులు.

మా యార్డు పద్ధతి కూడా అదే. పాత కలప ఏది లోపలికొచ్చినా ముందు చిత్రిక మిషనులోకే పోతుంది. ముఖానికి ఒక నూలు, అంటే అంగుళంలో ఎనిమిదో వంతు లేచిపోతే, కింద కర్ర తన అసలు సంగతి చెబుతుంది. పగులుంటే పగులు, చెద ఉంటే చెద. పాతికేళ్లలో దీనికి మినహాయింపు లేదు. మా ఫోర్మన్ అహ్ కియాంగ్ మొదటి దూలం మిషనులో పెడుతూ, మూలన ఏవో గాట్లు చూపించాడు. "బాస్, హియర్ గాట్ కట్."

వెళ్లి చూశాను. రంగు పెళ్లలు రాలిన చోట ఉలి దెబ్బల్లాంటివి మూడు. పాత కర్ర మీద దెబ్బలు లేకపోతేనే వింత. "క్యాన్, క్యాన్. ప్లేన్ ఇట్," అని చిత్రిక పట్టెయ్యమన్నాను.

మూడు రోజులు యార్డంతా పచ్చటి పొట్టు, దాని కింద ఎర్రటి పొట్టు. తర్వాత నూనె పట్టించాను. తర్వాత కలప వ్యాపారి పేర్చినట్టే పేర్చాను. పొడుగువి ఒక వరస, పొట్టివి ఒక వరస, మందం ప్రకారం. సాయంత్రం ఎండ పడితే ఆ దొంతర తేనె రంగులో మెరిసింది. మావయ్య కొత్త కంటితో మొట్టమొదట చూసేది ఇదే కావాలని, ఆయనకి ఇంట్లో ఏమీ చెప్పలేదు. కోటేశ్వరికి మాత్రం చెప్పాను. ఆమె సంబరపడింది. ఆ రోజు గారెలు చేసింది.

*

జూలై ఎనిమిది, శనివారం. మావయ్య ఉతికిన పంచె కట్టుకుని, నల్ల కళ్లద్దాలు పెట్టుకుని లారీ ముందు సీట్లో కూర్చున్నారు. దారి పొడుగునా బోర్డుల మీద రంగులు చెబుతూనే ఉన్నారు, చిన్నపిల్లాడిలా. "ఇది ఎరుపు. ఇది నీలం. ఇన్నాళ్లూ అన్నీ బూడిదే కదా."

యార్డులోకొచ్చి దొంతర ముందు ఆగారు. కళ్లద్దాలు తీశారు.

"ఎలా ఉంది మావయ్యా?"

"శానా బాగుంది బాబూ," అన్నారు. దగ్గరికెళ్లి ఒక దూలం చివర బొటనవేలితో రాశారు. దాన్ని కొంచెం తిప్పి, రెండో ముఖం మీద రాశారు. మూడో ముఖం మీద. పక్కనున్న ఇంకో దూలం తీసుకున్నారు. అప్పుడు వేలు ఆపి, కళ్లు పెట్టి చూశారు.

"గాట్లేవి బాబూ?"

"ఏ గాట్లు?"

"మా మేస్త్రీ గాట్లు. ఆయనకి చదువు రాదు. అంకెలు రావు. స్తంభానికీ దూలానికీ ఒకేలా గాట్లు పెట్టేవోడు. నిలువుగా పెడితే ఎడమ పక్క. ఏటవాలుగా పెడితే కుడి. మూడు గాట్లుంటే మూడోది. రంగు కింద ఉండేవి. నాను వేలెట్టి సూసేవోణ్ని కదా, నువ్వు సూడలేదా?"

అహ్ కియాంగ్ మిషను ఆపేశాడు. వాడికి తెలుగు రాదు. అయినా ఆపేశాడు.

"మీకు తెలుసన్నారు కదా మావయ్యా," అన్నాను.

"తెలుసు బాబూ. గాట్లు సూస్తే తెలుసు."

ఆయన కళ్లద్దాలు మళ్లీ పెట్టుకున్నారు. మూలన ఉన్న పొట్టు గుట్ట దగ్గరికి వెళ్లి, చెప్పులతో కొంచెం కదిపి చూశారు. తర్వాత, "టీ ఉందా?" అని అడిగారు.

*

ఆ తర్వాత ఏడు వారాలు మేం చేసింది చెప్పడానికి పెద్దగా లేదు. ఒక దూలం ఎత్తడం, ఒక బెజ్జంలో పెట్టి చూడడం, దూరకపోతే తీయడం. చూడడానికి అన్ని కుసులూ ఒక్కలాగే ఉంటాయి. కాని ప్రతి కుసినీ దాని బెజ్జానికే చెక్కారు. వెంట్రుకంత తేడా. మేస్త్రీ ముందు గాటు పెట్టి, తర్వాతే చెక్కేవాడట.

నవనీత్ కూడా శని, ఆదివారాలు యార్డుకి వచ్చాడు, కొలిచే పరికరం కొనుక్కుని మరీ. ప్రతి కుసీ, ప్రతి బెజ్జమూ కొలిచి ల్యాప్‌టాప్‌లో ఎక్కించాడు. మొదటి ఆదివారం సాయంత్రం అన్నం దగ్గర లెక్క చెప్పాడు.

"అంకుల్, దూలాలు పక్కనపెట్టండి. ఉత్త పదహారు స్తంభాలు పదహారు చోట్ల పెట్టాలంటే ఎన్ని రకాలుగా పెట్టచ్చో తెలుసా? ఇరవై లక్షల కోట్లు."

"అదేం లెక్కయ్యా?"

"నిజం అంకుల్. రోజుకి పది రకాలు చూసినా..."

"చాల్లే బాబూ, చారు పోసుకో," అంది కోటేశ్వరి.

ఆమె నాతో మాట్లాడడం మానేయలేదు. అలా మానేసినా బాగుండేది. కూర చాలా, నీళ్లు కావాలా, రేపు లారీ ఎన్నింటికి, అన్నీ అడిగేది. ఒకరోజు బట్టలు ఆరేస్తూ మాత్రం, నా వైపు చూడకుండా అంది.

"మా నాన్న మిమ్మల్ని ఎన్నిసార్లు ఏమడిగాడండీ?"

"ఒక్కసారి."

"అదే," అని బట్టలు వేసిన వెదురు కర్రని కిటికీ బయటికి తోసింది.

నవనీత్ కొలతలూ మావయ్య వేళ్లూ కలిసి ఆగస్టు చివరికి పదకొండు స్తంభాల లెక్క తేల్చాయి. నాకు ప్రాణం లేచొచ్చింది. జవేరియాని పిలిచాను. యార్డులోనే ఒక మూల నాలుగు స్తంభాలు, వాటి దూలాలు నిలబెట్టి, చీలలు కొట్టి చూపించాం.

ఆమె హెల్మెట్టు తీసి పక్కన పెట్టింది. ఒక స్తంభాన్ని రెండు చేతులతో పట్టుకుని ఊపింది. మొత్తం ఊగింది. నాలుగు స్తంభాలూ పాత మంచంలాగా కిర్రుమన్నాయి.

నేను వంగి చూశాను. దూలం వచ్చి స్తంభానికి ఆనుకోవాల్సిన చోట సందు. నా వేలి గోరు దూరింది. మావయ్యకి ఆ సంగతి మొదటి రోజే తెలుసునని అప్పుడర్థమైంది. స్తంభం ముఖం మీద ఒక నూలు తీశాను. దాని ఎదుటి ముఖం మీద ఇంకో నూలు తీశాను. రెండు నూళ్ల సందు. గాట్లు ఉన్నా లేకపోయినా, సరైన జత దొరికినా దొరక్కపోయినా, ఆ కర్ర ఇక తిరిగి రాదు. ఇరవై లక్షల కోట్లలో సరైనది ఒక్కటి కూడా మిగలకుండా చేశాను.

"పలకలు పెట్టి సందు పూడుద్దాం," అన్నాను. "ఇనుప బోల్టులు వేద్దాం. జవేరియా, ఏదో ఒకటి చేద్దాం."

"అంకుల్, దీని మీద పిల్లలు నడుస్తరు. స్కూలు పిల్లలు, ఒక్కసారి నలభై మంది." ఆమె స్తంభం వదిలేసింది. "నేను సంతకం ఎట్ల పెట్టాలె చెప్పుండ్రి? నాకు మాత్రం ఇష్టమా?"

"పెట్టకమ్మా," అన్నారు మావయ్య కుర్చీలోంచి. "ఊగేదాని మీద సంతకం పెట్టకూడదు."

"నెంబర్లు కొట్టి ఉంటే..." అంది ఆమె నాతో, మెల్లగా.

"నెంబర్లు కొట్టినా నేను చిత్రిక పట్టేవాణ్నేమో," అన్నాను. అది అబద్ధం. నెంబర్లుంటే అహ్ కియాంగే పట్టనిచ్చేవాడు కాదు. కాని ఆ తప్పులో ఆ పిల్లకి పిసరంత వాటా కూడా ఇవ్వబుద్ధి కాలేదు.

*

పార్కులో, ఫ్యాక్టరీ నుంచి ముక్కలుగా తయారై వచ్చిన ఉక్కు వంతెన లేచింది. ఉక్కు మీద చెక్కలాంటి పలకలు తొడిగారు. దూరంనుంచి పాతదానిలాగే ఉంటుంది. సెప్టెంబరు పదిహేనుకే పూర్తయింది, ఒక్కరోజు ఆలస్యం లేదు. మావయ్యని రమ్మన్నాను. "కాలు నెప్పి బాబూ," అన్నారు.

తిరిగి వాడుకోవడానికి పనికిరాని ముక్కలు నావి. అంటే రెండువందల పన్నెండూ నావే. అరవై నాలుగేళ్లు ఎండిన చెంగల్, నున్నగా చిత్రిక పట్టి, నూనె పట్టి ఉంది. అలాంటి కర్ర ఆ ఏడు సింగపూర్ మొత్తంలో ఎవరి దగ్గరా లేదు. పదిహేను రోజులు నేను ఎవరికీ చెప్పలేదు. కాని కలప వాసన దాగదు. ఆ ఐటీ భవనాల్లో ఒకదానికి లోపలి పని చేస్తున్న డిజైనరు వచ్చి చూసి, మొత్తం కావాలన్నాడు. కింది అంతస్తులో నేలకి పరుస్తారట. లెక్కలో ఎక్కడా తప్పు లేదు. నా యార్డులో ఆ దొంతర పెట్టుకుని నేనేం చేయను?

ఇంట్లో చెప్పాను. కోటేశ్వరి వాళ్ల నాన్న వైపు చూసింది.

"అమ్మేయ్ బాబూ," అన్నారాయన. "కర్ర ఖాళీగా ఉండకూడదు. లారీ ఎప్పుడొస్తాది?"

"సోమవారం పొద్దున్న."

"అయితే నన్ను రేపటినుంచి యార్డుకి తీసుకుపో."

శుక్రవారం, శనివారం, ఆదివారం. ఆయన తన పాత ఉలి, కొయ్య సుత్తి తెచ్చుకున్నారు. దొంతరలోంచి ఒక్కొక్క ముక్క దింపించి, చివర గాట్లు పెట్టడం మొదలుపెట్టారు. ఒకటి నిలువు. రెండు నిలువు. మూడు ఏటవాలు. ఏది ఎక్కడిదో తేలిన పదకొండు స్తంభాలకి అవే గాట్లు. తేలని ఐదింటికి కాసేపు ఆలోచించి, ఏదో ఒకటి. కొత్త కన్ను బాగా పనిచేస్తోంది. గాట్లు సూటిగా పడ్డాయి, నూలు లోతున.

ఆ డిజైనరు వడ్రంగులు వీటిని పలకలుగా కోస్తారు. కోసేముందు చిత్రిక పడతారు. అది నాకు తెలుసు. కలప పని అరవై ఏళ్లు చేసిన మనిషికి తెలియకుండా ఎలా ఉంటుంది? అడగలేదు. అడిగితే ఆయన చెబుతారు. చెబితే నేను వినాలి.

ఆదివారం మధ్యాహ్నానికి చెయ్యి వణకడం మొదలుపెట్టింది. ఒక గాటు పక్కకి జారింది. ఆయన ఉలి దించి, ఆ గాటుని బొటనవేలితో రాసుకుంటూ కూర్చున్నారు. అప్పటికి ఇంకా నలభై ముక్కలున్నాయి.

"కర్ర కదుల్తోంది బాబూ," అన్నారు.

కర్ర కదలడం లేదు. నేను వెళ్లి ఆయన ఎదురుగా నేల మీద కూర్చుని, దూలాన్ని రెండు చేతులతో అదిమి పట్టుకున్నాను.

"ఇప్పుడు?" అన్నాను.

"ఆ, ఇప్పుడు బాగుంది. అలాగే ఉంచు," అని ఆయన కర్ర మీద మళ్లీ ఉలి ఆనించారు.